వీట్యూబర్ వార్తల్లో రెండో పేరా

వీట్యూబర్ల మీద పెద్ద పత్రికల్లో కథనం వస్తే మొదటి పేరాలో ఏదో ఒక భారీ అంకె ఉంటుంది. ఇన్ని లక్షల మంది చూశారనో, ఒక్క రాత్రిలో ఇంత డబ్బు వచ్చిందనో. రెండో పేరాలో నిర్వచనం దిగుతుంది: "వీట్యూబర్లంటే అసలు ముఖం చూపించకుండా, యానిమే తరహా బొమ్మ వెనక దాక్కుని, మోషన్ క్యాప్చర్ సాయంతో లైవ్ చేసేవాళ్లు." ఇది ఫలానా పత్రిక రాసిన వాక్యం కాదు, చాలాచోట్ల కనిపించే మూస. ఆ తర్వాత ఒక నిపుణుడి వ్యాఖ్య, చివర్లో ఒంటరితనం గురించి రెండు ముక్కలు. కథనం అయిపోయింది.

కిజునా ఐ అనే జపనీస్ పాత్ర తనకు తాను 'వర్చువల్ యూట్యూబర్' అని పేరు పెట్టుకుని వీడియోలు మొదలుపెట్టింది 2016 చివర్లో. (2011లోనే లండన్ నుంచి ఆమి యమాతో అనే 3డీ పాత్ర వ్లాగులు చేసింది గానీ, అప్పటికి ఆ మాట పుట్టలేదు.) ఆ తర్వాత ఈ రంగంలో రెండు కంపెనీలు టోక్యో స్టాక్ మార్కెట్‌కి ఎక్కాయి. 2022 జూన్‌లో నిజిసాన్‌జి అనే వీట్యూబర్ల బృందాన్ని నడిపే ఎనీకలర్, 2023 మార్చిలో అలాంటిదే హోలోలైవ్‌ని నడిపే కవర్. అంత జరిగినా నిర్వచనం పేరా మాత్రం చెక్కుచెదరలేదు. ఫుట్‌బాల్ ఆటగాడి గురించి రాసేటప్పుడు బంతిని కాలితో తంతారని ఎవరూ వివరించరు.

కొత్త పాఠకుడికి విషయం చెప్పడంలో తప్పేం లేదు. పేచీ అంతా ఆ వాక్యంలోని ఒక్క క్రియతోనే. 'దాక్కుని' అట. రేడియో అనౌన్సర్ మైకు వెనక దాక్కున్నాడని ఎవరూ అనరు. కార్టూన్ పాత్రకి గొంతిచ్చే నటి, కలం పేరుతో రాసే రచయిత, ముసుగేసుకుని బరిలోకి దిగే మెక్సికన్ మల్లయోధుడు, వీళ్లెవరూ దాక్కున్నట్టు కాదు. వీట్యూబర్ మాత్రం దాక్కున్నట్టు. ఆ క్రియ పడ్డాక మిగతా కథ దానంతట అదే నడుస్తుంది. దాక్కున్నవాళ్లని బయటికి లాగాలి కదా! అందుకే కథనాలు అటు తిరిగీ ఇటు తిరిగీ 'బొమ్మ వెనక ఎవరు?' అన్న ప్రశ్న దగ్గరికే చేరతాయి. చూసేవాళ్లకి ఆ ప్రశ్న పెద్దగా పట్టదన్న సంగతి అందులో కనిపించదు.

ప్రసారంలో జరిగేది దగ్గర్నుంచి చూస్తే ఇది అర్థమవుతుంది. ముందు చిత్రకారులు బొమ్మను ముక్కలు ముక్కలుగా గీస్తారు. పై కనురెప్ప వేరు, కింది రెప్ప వేరు, నోటి లోపలి భాగం వేరు, జుట్టు పాయలు దేనికవి వేరు. ఆ ముక్కలకి కదలికలు కట్టేవాళ్లని రిగ్గర్లంటారు. ఈ పనికి ఎక్కువగా వాడేది లైవ్2డీ అనే సాఫ్ట్‌వేర్. అభిమానుల వాడుకలో బొమ్మ గీసినవాళ్లు 'అమ్మ', కదలికలు కట్టినవాళ్లు 'నాన్న'. ఆపైన ఒక ఫోనో వెబ్‌క్యామో మనిషి ముఖాన్ని చూస్తూ ఉంటుంది. ఇటు రెప్ప వాలితే అటు రెప్ప వాలుతుంది. మనిషి మరీ పక్కకి తిరిగినా, నీళ్లు తెచ్చుకోవడానికి లేచి వెళ్లినా కెమెరాకి ముఖం దొరకదు. బొమ్మ మెడ ఒక పక్కకి వాల్చి, సగం కళ్లు మూసుకుని అలాగే బిగుసుకుపోతుంది. మైకులో కుర్చీ కిర్రుమన్న చప్పుడు, దూరంగా తలుపు చప్పుడు వినిపిస్తాయి. చాట్ నిండా నవ్వులు. కుర్చీలో మనిషి ఉందని, ఆ మనిషి ఇప్పుడే లేచి వెళ్లిందని చూసేవాళ్లందరికీ తెలుసు కాబట్టే ఆ నవ్వు. అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చెయ్యడం లేదు.

ఇక్కడ తెలుగులో ఒక చిత్రం ఉంది. 'చెప్పింది', 'పాడింది', 'వెళ్లిపోయింది' లాంటి క్రియలు బొమ్మకైనా అమ్మాయికైనా ఒకటే. రాసేవాళ్లు బయటపడేది సర్వనామం దగ్గర. 'అది పాడింది' అంటే సాఫ్ట్‌వేర్, 'ఆమె పాడింది' అంటే గాయని. ఒకే కథనంలో మొదటి సగం 'అది', రెండో సగం 'ఆమె' అని రాసి ఊరుకునేవాళ్లూ ఉంటారు. కంగారు ఎక్కడుందో ఆ తడబాటే చెప్పేస్తుంది.

ఈ కంగారుకి ఒక కారణం, వేర్వేరు సరుకుల్ని ఒకే గంపలో వెయ్యడం. హత్సునే మికు 2007లో వచ్చిన గొంతు సాఫ్ట్‌వేర్; మనం రాసిచ్చింది పాడుతుంది. లిల్ మికేలా ఒక బృందం కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో తయారుచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో నడిపే పాత్ర. 2022 డిసెంబర్‌లో ట్విచ్ అనే లైవ్ ప్రసారాల సైట్‌లో మొదలైన న్యూరో-సామా వెనక ఉన్నది నిజంగానే ఏఐ. మాటలు పుట్టించేది లాంగ్వేజ్ మోడల్. వీట్యూబర్లలో అత్యధికులు గంటల తరబడి గొంతు అరగదీసుకునే మనుషులు. నాలుగింటినీ కలిపి 'వర్చువల్ ఇన్‌ఫ్లుయెన్సర్లు' అనేస్తే, అలసిపోనివాళ్లు, జీతం అడగనివాళ్లు, వివాదాల్లో ఇరుక్కోనివాళ్లు వచ్చేశారన్న కథ తయారవుతుంది. వీట్యూబర్లు అలసిపోతారు, డబ్బు అడుగుతారు, వివాదాల్లో పీకల్లోతు ఇరుక్కుంటారు.

ఈ విషయం కోర్టులకి పత్రికల కన్నా ముందే తలకెక్కింది. 2022లో ఒసాకా జిల్లా కోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. వీట్యూబర్ పాత్ర పేరు పెట్టి ఆన్‌లైన్‌లో తిడితే, ఆ తిట్టు బొమ్మకి తగులుతుందా, మనిషికా? పాత్ర మాటల్లో, చేతల్లో నటించే మనిషి వ్యక్తిత్వమే కనిపిస్తున్నప్పుడు తిట్టు ఆ మనిషికే తగులుతుందని కోర్టు తేల్చింది.

2018లో జరిగిన సంగతి దీని పక్కన పెట్టి చూడాలి. ఆ ఏడాది జపాన్ ప్రభుత్వ పర్యాటక సంస్థ కిజునా ఐని రాయబారిగా పెట్టుకుంది. అక్టోబర్‌లో ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే తన నోబెల్ బహుమతుల వెబ్ పేజీలో పరిశోధకులతో మాట్లాడే పని అదే పాత్రకి అప్పగించింది. గొడవ మొదలైంది. ఆ బట్టలేమిటి, నిపుణుడు వివరిస్తుంటే అమ్మాయి బొమ్మ తలూపుతూ కూర్చోవడం ఏమిటి అని. 2021లో చిబా ప్రిఫెక్చర్ పోలీసుల రోడ్డు భద్రత వీడియో విషయంలోనూ ఇదే వరస. తోజో రింకా అనే వీట్యూబర్ అందులో కనిపించింది. స్త్రీవాద ప్రజాప్రతినిధుల సంఘం ఒకటి అభ్యంతరం చెప్పడంతో పోలీసులు వీడియో తీసేశారు. దానికి వ్యతిరేకంగా వేల సంతకాలు వచ్చాయి.

ఆ అభ్యంతరాలు కొట్టిపారెయ్యాల్సినవి కావు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ఆడపిల్ల బొమ్మని ఎలా గీయించిందో అడగాల్సిందే. ఇబ్బంది ఏమిటంటే చర్చ చాలాసేపు బట్టల మడతల చుట్టూ, బొమ్మ కొలతల చుట్టూ తిరిగింది. ఆ పాత్ర వేసే మనిషి కూడా ఒక ఉద్యోగం చేసుకునే స్త్రీయేనన్న మాట ఆలస్యంగా, అదీ మద్దతుదారుల వైపు నుంచే ఎక్కువగా వినిపించింది.

ఇక అభిమానుల సంగతి. అసలు రంగు బయటపడేది ఇక్కడే.

కథనాల్లో అభిమాని అంటే ఒక ఒంటరి మగవాడు. గీసిన బొమ్మని ప్రేమించాడు, జీతమంతా దానికే తగలేశాడు. ఈ మనిషి ఇవాళ పుట్టలేదు. జపాన్‌లో 'ఒతాకు' అన్న మాటని ఈ అర్థంలో 1983లో ఒక పత్రికా వ్యాసం వెక్కిరింతగా వాడింది. 1989లో చిన్నపిల్లల్ని చంపిన ఒక హంతకుడు పట్టుబడ్డప్పుడు, అతని గది నిండా ఉన్న వీడియో టేపుల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. దాంతో ఆ వెక్కిరింత భయంగా మారింది. ఆ నీడ పూర్తిగా పోలేదు. గదిలో ఒంటరిగా తెర ముందు కూర్చున్న మగవాణ్ణి చూపిస్తే చాలు, మిగతాది పాఠకుడే ఊహించుకుంటాడు.

బొమ్మని ప్రేమించడం అన్న మాట నిజమో కాదో తేల్చడానికి పరిశోధన ఏదీ అక్కర్లేదు. పరీక్ష లాంటి ఘటనలు రెండు ఇప్పటికే జరిగిపోయాయి. మొదటిది 2019లో. కిజునా ఐ నిర్వాహకులు అదే బొమ్మకి వేర్వేరు గొంతులు పెట్టారు. పాత్ర ఒకటే, గొంతులు నాలుగు. బొమ్మ మీదే ప్రేమ అయితే నాలుగింతలు కావాలి. జరిగింది తిరుగుబాటు. మొదటి గొంతు ఏదీ, ఆవిణ్ణి పక్కకి నెట్టేశారా అని చూసేవాళ్లు నిలదీశారు, చాలామంది వెళ్లిపోయారు కూడా. చివరికి 2020లో ఆ మొదటి గొంతు నటి కసుగా నొజోమిదని అధికారికంగా ప్రకటించాల్సి వచ్చింది.

రెండోది 2024 ఫిబ్రవరిలో. నిజిసాన్‌జి ఇంగ్లిష్ శాఖలో సెలెన్ తాత్సుకి అనే పాత్ర చేస్తున్నామెతో కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుంది. బొమ్మ, పేరు, పాటలు కంపెనీవి కాబట్టి అక్కడే ఉండిపోయాయి. ఆమె వేరే పేరుతో, వేరే బొమ్మతో లైవ్‌కి వచ్చింది. అభిమానులు ఆ గొంతు వెంట కదిలారు. దీనికి వాళ్ల వాడుకలో ఒక మాట ఉంది, 'తెన్‌సెయ్', అంటే పునర్జన్మ. బొమ్మ అదే ఉండి మనిషి మారితే వెళ్లిపోయారు. మనిషి అదే ఉండి బొమ్మ మారితే వెంట వచ్చారు. బొమ్మని ప్రేమించేవాళ్లు చేసే పనులు ఇవి కావు.

మరి వాళ్లు ప్రేమించేది మనిషినా? అలా చెప్పినా పూర్తిగా సరిపోదు. ఆ మనిషి అసలు పేరు, ముఖం వెతకడం అభిమానుల మధ్య పెద్ద తప్పు. 'నకా నో హితో', అంటే 'లోపలి మనిషి' గురించి చాట్‌లో ఎత్తితే వెంటనే నోరు మూయిస్తారు. మనిషి ఉందని తెలుసు, ఎవరని అడగరు. నాటకం చూసేవాళ్లు రంగస్థలం మీద రాజుని రాజుగానే చూస్తారు, అతను సాయంత్రం బస్సులో ఇంటికెళ్తాడని తెలిసి కూడా. పత్రికల వృత్తి ధర్మం దీనికి సరిగ్గా ఎదురు: పేరు రాయాలి, వయసు రాయాలి, ఊరు రాయాలి. మోసం ఆరోపణో నేరమో ఉంటే అసలు పేరు అవసరమే. ఒక గాయని కొత్త పాట గురించి రాసే వార్తలో అసలు పేరు వేస్తే పాఠకుడికి ఒరిగేది ఏమీ ఉండదు, వెంటపడే ఆకతాయికి చిరునామా వెతుక్కునే దారి మాత్రం దొరుకుతుంది.

ఈ మధ్య కథనాల్లో తప్పకుండా కనిపించే ఇంకో మాట 'పారాసోషల్'. ఒకవైపే తెలిసిన పరిచయం అని అర్థం. 2025లో కేంబ్రిడ్జ్ డిక్షనరీ దీన్నే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. వార్తల్లో అది జబ్బు పేరులా వినిపిస్తుంది. ఆ మాటని 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు ఒక వ్యాసంలో ప్రవేశపెట్టారు. వాళ్ల ముందున్నవి టీవీ, రేడియో. కెమెరాలోకి సూటిగా చూస్తూ మీతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడే కార్యక్రమ వ్యాఖ్యాతలే వాళ్ల ఉదాహరణలు. చాలామందికి ఇది మామూలు జీవితానికి తోడుగా ఉండేదేనని, దాని స్థానాన్నే ఆక్రమించినప్పుడు చిక్కు అని వాళ్లు రాశారు. అంటే, ఇవాళ టీవీ యాంకర్ తల పంకిస్తూ 'పారాసోషల్ బంధాల ప్రమాదం' గురించి చెప్తున్నప్పుడు, ఆ మాట మొదట పుట్టింది తనలాంటివాళ్ల గురించే.

ఆ వ్యాసంలోనే అమెరికన్ రేడియో కార్యక్రమం ఒకటి వస్తుంది. పేరు 'లోన్‌సమ్ గాల్', ఒంటరి పిల్ల. 1940ల చివర్లో మొదలైంది. ఒక ఆడగొంతు, పేరు చెప్పకుండా, వినే మగవాళ్లతో చనువుగా, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతున్నట్టు మాట్లాడేది. ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చేవి. ఆ గొంతు మనిషి జనం ముందుకి వచ్చినప్పుడు ముఖానికి మాస్క్ పెట్టుకునేది. మోషన్ క్యాప్చర్ ఒక్కటే తక్కువ.

అభిమానుల్ని వెనకేసుకు రావడానికి ఇదంతా చెప్పడం లేదు. ప్రియుడున్నాడన్న పుకారు రాగానే బూతులతో మీదపడేవాళ్లు ఉన్నారు. ఇళ్ల చిరునామాలు వెతికేవాళ్లున్నారు. 2020 సెప్టెంబర్‌లో హోలోలైవ్ పాత్రలు కిర్యూ కోకో, అకాయ్ హాతో అనే ఇద్దరు తమ ప్రేక్షకులు ఏయే దేశాల్లో ఉన్నారో చెప్పే యూట్యూబ్ లెక్కలు లైవ్‌లో చదివారు. ఆ జాబితాలో తైవాన్ పేరు ఒక దేశంలా కనిపించడంతో చైనా ప్రేక్షకుల్లో కోపం రేగింది. కంపెనీ ఇద్దరినీ మూడు వారాలు ఆపేసింది. ఆ తర్వాత నెలల తరబడి కోకో చాట్‌ని తిట్లతో ముంచెత్తినవాళ్లూ ప్రేక్షకులే. 2021 జులై 1న ఆమె చివరి ప్రసారాన్ని ఒకే సమయంలో దాదాపు 5 లక్షల మంది చూశారు. ఆ మాటకొస్తే 'మమ్మల్ని ఎవరూ అర్థం చేసుకోరు' అనడం కూడా కొందరు అభిమానులకి ఒక బిరుదులా తయారైంది. కాస్త విమర్శించిన ప్రతి కథనమూ కుట్ర కాదు.

ఒంటరి మగవాడి బొమ్మలో ఇమడని ప్రేక్షకులు కూడా చాలామందే ఉన్నారు. 2021 డిసెంబర్‌లో నిజిసాన్‌జి ఇంగ్లిష్ 'లక్సియెమ్' అని ఐదుగురు మగ పాత్రల బృందాన్ని దింపింది. వాళ్ల వెంట వచ్చినవాళ్లలో ఆడవాళ్లదే పెద్ద సంఖ్య, డబ్బు కూడా గట్టిగానే పంపారు. కథనాల మూస మాత్రం మారలేదు, మహా అయితే 'అమ్మాయిలు కూడా' అన్న అర వాక్యం చేరింది. 2020లో జపనీస్ ప్రసారాల్లోంచి నవ్వొచ్చే ముక్కలు కత్తిరించి, జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వేసినవాళ్లూ అభిమానులే. హోలోలైవ్ ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఇంగ్లిష్ శాఖ తెరిచేసరికి ప్రేక్షకులు సిద్ధంగా ఉండటానికి ఆ క్లిప్పులు ఒక ముఖ్య కారణం. వీళ్లని 'ఖర్చుపెట్టేవాళ్లు' అనే ఖానాలో వెయ్యడం కుదరదు.

డబ్బు లెక్కకే వస్తే, సూపర్‌చాట్ అంటే లైవ్‌లో డబ్బుతో పంపే రంగు సందేశం. యూట్యూబ్ దాన్ని 2017లో తెచ్చింది. ఎక్కువ డబ్బు పెడితే సందేశం ఎర్రగా కనిపిస్తుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా సూపర్‌చాట్ జాబితాల పైభాగమంతా వీట్యూబర్లే నిండిపోవడంతో హెడ్‌లైన్లు మోగిపోయాయి. కెమెరాకి ఆ ఎరుపు బాగా పడుతుంది కూడా. కానీ లిస్టయ్యాక కంపెనీలు బయటపెట్టే లెక్కలు చూస్తే రెండిటికీ పెద్ద ఆదాయం వస్తువుల అమ్మకం. బొమ్మలు, పుట్టినరోజు సెట్లు, రికార్డు చేసిన మాటలు. ఫుట్‌బాల్ క్లబ్ జెర్సీ కొనుక్కునే అభిమాని చేసేదే వీళ్లూ చేస్తున్నారు. అతన్ని మాత్రం ఎవరూ మనస్తత్వవేత్త దగ్గరికి పంపరు.

విచిత్రం ఏమిటంటే, వీట్యూబర్ల గురించి మంచి వార్తలు తరచు సంస్కృతి పేజీల్లో కాకుండా బిజినెస్ పేజీల్లో దొరుకుతాయి. 2024 అక్టోబర్‌లో జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ కవర్ కంపెనీని తప్పుపట్టింది. వీట్యూబర్ బొమ్మలు తయారుచేసే 23 మంది సబ్‌కాంట్రాక్టర్ల చేత మొత్తం 243 సార్లు ఉచితంగా మళ్లీ మళ్లీ పని చేయించుకుందని. అభిమానులు ముద్దుగా పిలిచే ఆ 'అమ్మ', 'నాన్న'ల పని ఇదే. ఆ వార్తలో అబ్బురం లేదు, ఒంటరితనం లేదు. ఎవరు ఎవరికి ఎంత పని చేశారు, ఎంత ఇవ్వలేదు అన్నది ఉంది. ఈ పరిశ్రమ గురించి పదుల ఫీచర్ కథనాలు చెప్పనిది ఆ చిన్న వార్త చెప్పింది.

ఐరన్‌మౌస్ అనే వీట్యూబర్ విషయంలో మూస ఇంకో రకం. ఆమెకి పుట్టుకతో రోగనిరోధక లోపం. ఏళ్ల తరబడి ఇల్లు కదలడమే కష్టం. ఇక్కడ 'దాక్కోవడం' అన్న క్రియ చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఆమెకి బొమ్మే బయటి ప్రపంచానికి దారి. పత్రికలు వెంటనే రెండో అచ్చు తీశాయి: కష్టాల్ని జయించిన అమ్మాయి. 2023 గేమ్ అవార్డుల్లో ఉత్తమ కంటెంట్ క్రియేటర్ బహుమతి, 2024 సెప్టెంబర్‌లో ట్విచ్ సబ్‌స్క్రిప్షన్ల రికార్డు, అన్నీ ఆ అచ్చులో చక్కగా ఇమిడాయి. 2025 జులైలో ఆమె తన ఏజెన్సీ వీషోజో నుంచి బయటికొచ్చి, తనకి రావాల్సిన డబ్బుతో పాటు రోగనిరోధక లోపాల మీద పనిచేసే ఫౌండేషన్‌కి చేరాల్సిన 5 లక్షల డాలర్లకి పైగా కంపెనీ కట్టలేదని చెప్పింది. రోజుల్లోనే కంపెనీ మూతపడింది. అభిమానులు నేరుగా ఆ ఫౌండేషన్‌కి పంపిన విరాళాలు 10 లక్షల డాలర్లు దాటాయి. కష్టాల్ని జయించిన అమ్మాయి కథలో ఏజెన్సీ ఒప్పందం గురించి అంతకు ముందు ఒక్క లైను కనిపించడమే అరుదు.

2025 ఫిబ్రవరి 1న టోక్యోలోని నిప్పన్ బుడోకాన్‌లో హోషిమాచి సుయిసెయి ఒంటరిగా కచేరీ చేసింది. ఆమె హోలోలైవ్ వీట్యూబర్. జపాన్ సంగీత పత్రికలు దానికి మామూలు కచేరీ రిపోర్టులే రాశాయి. ఏ పాట తర్వాత ఏ పాట పాడింది, ఏ పాటకి హాలంతా నీలం లైట్లతో ఊగింది, మధ్యలో ఏం మాట్లాడింది. వీట్యూబర్ అంటే ఏమిటో చెప్పే పేరా వాటికి అవసరం పడలేదు. రెండో పేరాలో రెండో పాట ఉంది.